పిల్లలకన్నా ముందు పచ్చనీళ్లు

ఉప్పునీటి చేపను అద్దాల తొట్టెలో బతికించడం ఒక ఎత్తు, దానిచేత గుడ్లు పెట్టించి ఆ పిల్లల్ని సాకడం మరో ఎత్తు. మొదటిదానికి డబ్బూ ఓపికా ఉంటే చాలు. రెండోదానికి హస్తవాసి ఉండాలి. ఆ హస్తవాసి ఉన్న మనిషిని నేను విశాఖపట్నంలో చూశాను. లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారాయన. పేరు రాయవద్దన్నారు, రాయను.

ఆయన పెంచేది క్లౌన్ చేపలు. 2003లో ‘ఫైండింగ్ నీమో’ సినిమా వచ్చాక పిల్లలంతా నీమో అని పిలుస్తున్నారే, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలుండే చేప, అదే. ఈ జాతిలో ఆడదిగా పుట్టేదంటూ ఉండదు. జతలో పెద్దది ఆడదవుతుంది. అది పోతే మగది ఆ స్థానంలోకి వచ్చి తానే ఆడదైపోతుంది. అందుకే మాస్టారు రెండు కుర్రచేపల్ని కలిపి వదిలి, నెలల తరబడి కదపకుండా ఉంటారు. జత కుదిరాక ఓ మట్టి పూలకుండీని తొట్టెలో పక్కకు వాలుస్తారు. రెండూ కలిసి కుండీ గోడను నోటితో కొరికి కొరికి శుభ్రం చేసి, గుడ్లు అతికిస్తాయి. మొదటిరోజు నిగనిగలాడే నారింజ రంగు. తర్వాత నల్లబడతాయి. 27, 28 డిగ్రీల నీళ్లలో ఏడెనిమిది రోజులకు ఒక్కో గుడ్డులో రెండు వెండి చుక్కలు మెరుస్తాయి. అవి కళ్లు. అన్నాళ్లూ తండ్రిచేప రెక్కలతో విసురుతూ, చెడిన గుడ్లను ఏరి మింగేస్తూ కాపలా కాస్తుంది.

కళ్లు మెరిసిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. మాస్టారు బేసిన్‌ను తొట్టెలో ముంచి, గుడ్లకు గాలి తగలకుండా కుండీని నీళ్లతో సహా ఎత్తి, నలువైపులా నల్ల కాగితం అంటించిన చిన్న తొట్టెలో దించారు. ఎయిర్‌స్టోన్ బుడగలు గుడ్ల మీదుగా పోయేలా సర్దారు. తండ్రి రెక్క చేసే పని ఇక బుడగలది. లైట్లు ఆర్పేశారు. “నల్ల కాగితం ఎందుకు మాస్టారూ?” అన్నాను. “అద్దం మీద వెలుగు తళుక్కుమంటే తల బాదుకుని చస్తాయోయ్” అన్నారు. గంటన్నర పోయాక చిన్న టార్చి ఓ మూలకు చూపించారు. వెంట్రుక ముక్కల్లాంటివి వందలకొద్దీ ఆ వెలుగులోకి ఈదుకొచ్చాయి. ఒక్కోటీ మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఒళ్లంతా గాజు, కనిపించేది కళ్లే. నా నోట మాట రాలేదు.

అయితే మాస్టారి గొప్పతనం ఆ రాత్రిలో లేదు. దానికి ముందు మూడు వారాల్లో ఉంది. ఆ పిల్లల నోట్లో పట్టే మేత బజారులో దొరకదు. అది రోటిఫర్. మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండే జీవి. బతికి కదులుతుంటేనే పిల్ల దాన్ని వేటాడుతుంది. జపాన్‌లో ఈల్ చేపల చెరువులకు ఇదో పీడ అనుకునేవారట. 1960లో ఇటో అనే శాస్త్రజ్ఞుడు దాన్ని చేపపిల్లలకు మేతగా పెంచి చూపించాడు. రోటిఫర్‌కు మళ్లీ మేత కావాలి కదా, అది నానోక్లోరాప్సిస్ అనే ఆల్గే. మాస్టారు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో ట్యూబ్‌లైటు కింద పెంచుతారు. సీసాను వెలుగుకు ఎత్తి చూసి రంగును బట్టే తీర్పు చెబుతారు. చిక్కటి పచ్చ అయితే సరే. గోంగూర పచ్చడి రంగుకు తిరిగిందంటే పారబోయడమే. పిల్లల తొట్టెలో రోటిఫర్లు మిల్లీలీటరుకు ఐదు నుంచి పది ఉండాలి. పూటపూటకూ చుక్క తీసి భూతద్దం కింద లెక్కపెడతారు. ఆ తొట్టెలో కాస్త ఆల్గే పచ్చనీళ్లు కూడా కలుపుతారు. రోటిఫర్ కడుపు ఖాళీ అయితే పిల్ల పొట్టు తిన్నట్టేనంటారు. ఆరేడు రోజులకు ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టిజీవి మేత మొదలు. పదీ పన్నెండు రోజులకు తలమీద మొదటి తెల్ల పట్టీ తేలుతుంది. ఆ పట్టీ చూసినవాడు ఈ విద్యను ఇక వదలడు.

ఈ దారి వేసిన మహానుభావులున్నారు. 1970ల తొలినాళ్లలో ఫ్లోరిడాలో మార్టిన్ మో క్లౌన్ చేపల్ని అమ్మకానికి సరిపడా పెంచాడు. ఆర్కిడ్ డాటీబ్యాక్ చేపను పెంచిన తీరును రోజువారీ రాసుకుని 1997లో పుస్తకం వేశాడు. జాయిస్ విల్కర్సన్ 1998లో క్లౌన్ చేపల మీద రాసిన పుస్తకం మాస్టారి బల్లమీద అట్ట ఊడిపోయి ఉంటుంది. 2015లో హవాయిలో పసుపు ట్యాంగ్ చేపను, 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో నీలి ట్యాంగ్‌ను పెంచారు. వాటి పిల్లలకు రోటిఫర్ కూడా పెద్ద ముద్దే, కోపీపాడ్ అనే అతిచిన్న నీటిజీవి పసిపిల్లలు కావాలి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్ చేపల్ని పెంచి చూపించారు.

ఇంత విద్య ఉండగా జరుగుతున్నదేమిటి? ఫిలిప్పీన్స్, ఇండోనేషియా పగడపు దిబ్బల్లో సైనైడు చిమ్మి, మత్తెక్కిన చేపల్ని ఏరుకోవడం ఇంకా ఆగలేదు. చేపతోపాటు పగడమూ చస్తుంది. నేనే ఒక దుకాణంలో “ఫారంలో పుట్టింది సార్” అంటే నమ్మి జత కొన్నాను. గుళికల మేత ముట్టలేదు. నాలుగో రోజుకు రెండూ తేలాయి. ఇంకోవైపు పిల్లలకు కోడిగుడ్డు సొన, పాలపొడి లాంటి పొడులు చల్లి పెంచామని చెప్పుకునేవాళ్లు. సొనతో నీళ్లు కుళ్లుతాయి, పిల్లలు చస్తాయి. మిగిలిన నాలుగింటికి మొప్ప డొప్పలు సగమే పెరిగి ఉంటాయి. అడ్డదిడ్డంగా చెదిరిన పట్టీల చేపలకు ‘పికాసో’, ‘స్నోఫ్లేక్’ అని పేర్లు పెట్టి పదింతలు ధర కట్టే వ్యాపారం మరొకటి. నేను మూడు తిన్నని పట్టీల పక్షం. సముద్రం ఇచ్చిన ఆ చేపకన్నా అందమైనది ఎవరూ నాకు చూపించలేదు, చూపించలేరు.

నా బాధ ఇంకొకటి. మన కోస్తా పొడవునా రొయ్యల హేచరీలున్నాయి. ఆర్టీమియా టిన్ను, ఆల్గే ట్యాంకు తెలియని హేచరీ కుర్రాడు ఉండడు. వాళ్లలో పదిమంది సాయంత్రాలు ఇంట్లో ఒక్క జతను పెంచినా, సముద్రంలో పట్టిన చేపను కొనే అవసరం మన ఊళ్లకు తప్పుతుంది. పట్టుకోండి బాబూ, ఈ పనిని వదలకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడి విశాఖకు రోజుల తరబడి కరెంటు లేదు. గాలి పంపులు ఆగి మాస్టారి రోటిఫర్లన్నీ పోయాయి, ఆల్గే పోయింది, పెద్ద చేపలూ పోయాయి. ఆయన తొట్టెలు కడిగి బోర్లించేశారు. అంతకు కొన్ని నెలల ముందు కాకినాడలోని ఒక శిష్యుడికి ఆయన లీటరు సీసాలో రోటిఫర్లు పోసిచ్చి ఉన్నారు. ఆ అబ్బాయి రోడ్లు తెరుచుకోగానే బస్సులో రెండు సీసాలు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఒకటి రోటిఫర్, ఒకటి పచ్చనీళ్లు. ఆ సీసాల సంతానమే ఇవాళ మా వంటింటి గట్టు మీద బుడగలు వేస్తోంది. లీటరు సీసా, మూత తెచ్చుకుంటే ఎవరికైనా పోసిస్తాను.