పాకెట్టు మీద లేని తేదీ

మా బాబాయికి ఒక అలవాటుంది. గుంటూరు పట్నం బజారులో విత్తనాల కొట్టుకు వెళితే పాకెట్టు ముందున్న బొమ్మ వంక చూడడు. తిరగేసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని వేలితో ఒక్కో వరసా దిగుతాడు. లాటు నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ. ప్యాకింగ్ తేదీ దగ్గర వేలు ఆగదు. “సంచిలో ఎప్పుడు పోశారన్నది మనకెందుకు అబ్బాయ్? మొలక ఎప్పుడు చూశారన్నదే లెక్క. అక్కణ్ణించి తొమ్మిది నెలలు” అంటాడు.

2019 తొలకరికి ముందు ఆయన వెంట నేనూ వెళ్లాను. మాది పర్చూరు వైపు నల్లరేగడి. బీజీ-2 అనే బీటీ పత్తి పాకెట్టు 730 రూపాయలు. అందులో 20 రూపాయలు ట్రెయిట్ ఫీజు. పురుగును చంపడానికి గింజలోకి ఎక్కించిన జన్యువుకు గాను దాని హక్కుదారుకు వెళ్లే సొమ్ము అది. కొట్టు మెట్ల మీద కూర్చుని బాబాయి అడిగాడు: “ఒరేయ్, నువ్వు చేసేది ఈ పేటెంట్ల పనేగా. దీనిది ఎప్పుడు తీరుద్దిరా?”

నా పని అచ్చంగా అదే. ఏళ్ల తరబడి పేటెంట్ల గడువులు లెక్కగట్టి రిజిస్టర్లకెక్కిస్తున్నాను. ఎక్కడెక్కడి మందులవో, యంత్రాలవో తేదీలు నోటికి చెప్పగలను. మా చేలో ఏటా పడే గింజది మాత్రం ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. ఆ సంగతి ఆ మెట్ల మీద తట్టి మనసు చివుక్కుమంది.

ఆ పేటెంటు మోన్‌శాంటో కంపెనీది, నంబరు 214436. క్రై 2 ఏబీ అనే జన్యువును పత్తిలో పనిచేయించే పద్ధతి మీద తీసుకున్నది. దాని కాగితాల్లో నాలుగు సంవత్సరాలు కనిపిస్తాయి. 1998 నవంబరులో అమెరికాలో మొదటి దరఖాస్తు. ఏడాది తిరిగేసరికి, 1999 నవంబరులో, దాని ఆధారంగా అంతర్జాతీయ దరఖాస్తు. 2001లో అది మన దేశంలో అడుగుపెట్టింది. 2008లో మన పేటెంటు ఆఫీసు మంజూరు చేసింది. ఆయుష్షు 20 ఏళ్లు. ఎక్కణ్ణించి?

కాగితం చేతికొచ్చిన రోజు నుంచే అనుకుంటారు చాలామంది. అప్పుడు 2028 అవుతుంది. పనిలో చేరిన కొత్తల్లో నేను ఇంకో వైపు తప్పాను. అన్నిటికంటే ముందున్న తేదీయే పుట్టినరోజనుకుని, వేరే ఏదో పేటెంటుకు గడువును ఒక ఏడాది ముందుకు జరిపి రాశాను. మా సీనియర్ మేడమ్ ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు: “ప్రయారిటీ తేదీ పోటీ కోసమయ్యా, ఆయుష్షు కోసం కాదు.” ఇద్దరు ఒకే ఆలోచనతో వస్తే ఎవరు ముందు, ఆ రోజుకు అది కొత్తదా కాదా అని తేల్చడానికే ఆ తేదీ. ఆయుష్షుకు మన చట్టం 53వ సెక్షన్ చెప్పేది దరఖాస్తు దాఖలైన రోజు. అంతర్జాతీయ దారిలో వచ్చినదానికి ఆ అంతర్జాతీయ దాఖలు రోజే లెక్క. అంటే 1999 నవంబరు. ఇరవై కలిపితే 2019 నవంబరు.

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం కుటుంబ వృక్షం గీయడం. ఒకే మొదటి దరఖాస్తును పట్టుకుని దేశదేశాల్లో పుట్టినవన్నీ ఒక కుటుంబం. అన్నదమ్ములే అయినా ఎవరి ఆయుష్షు వారిదే. ఇరవై ఏళ్ల లెక్కన అమెరికాలో మొదట వేసిన పెద్దాయనకు 2018 నవంబరుకే నిండిపోతాయి. అక్కడ ఆఫీసు ఆలస్యం చేస్తే కొన్ని దరఖాస్తులకు ఆ రోజులు కలుపుతారు. మన చట్టంలో ఆ వెసులుబాటు లేదు. 1999లో వేసి 2008లో పొందినవాడికి ఆ మధ్య ఏళ్లు పోయినట్టే. ఒక దరఖాస్తులో రెండు ఆవిష్కరణలుంటే విడదీసి రెండోది వేరుగా వేయొచ్చు. వేరుపడ్డ కొడుకన్నమాట. కాపురం వేరైనా వయసు మాత్రం తండ్రి దాఖలు రోజు నుంచే. పాతదానికి చిన్న మెరుగు చేసి అదనపు పేటెంటు తీసుకుంటే, అది అసలుదానితోనే పోతుంది. మూడో ఏటి నుంచి ఏటేటా రుసుము కట్టకపోతే ఇరవై నిండకుండానే పేటెంటు రాలిపోతుంది. అందుకే మేం రాసే తేదీ పక్కన “ఇంతకు మించి ఉండదు” అన్న అర్థం ఎప్పుడూ ఉంటుంది.

మధ్యలో కోర్టులు. విత్తన కంపెనీ నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటోకూ నడిచిన వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2018 ఏప్రిల్ 11న ఈ పేటెంటును రద్దు చేసింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి విచారణకు వెనక్కి పంపింది. పేటెంటు లేచి కూర్చుంది. అప్పటికి దానికి మిగిలిన ఆయుష్షు పది నెలలు. (2021లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.)

ఇదంతా మెట్ల మీదే చెప్పి, “ఈ నవంబరుకు తీరిపోద్ది బాబాయ్” అన్నాను. ఆయన పాకెట్టును మళ్లీ తిరగేశాడు. “అంటే ఇదీ అంతేగదరా. కాగితం చేతికిచ్చింది ఎప్పుడని కాదు, దరఖాస్తు వేసింది ఎప్పుడని” అన్నాడు. నాకు ఏడాది పట్టిన పాఠం ఆయనకు ఒక టీ తాగేలోపు అందింది.

ఆ తేదీ పాకెట్టు మీద ఎందుకు లేదని ఆయన అడిగాడు. ఉండి తీరాలి. ఫీజు కట్టేవాడికి అది ఎప్పటిదాకా కట్టాలో తెలియాలి కదా! అసలు 2002లో వచ్చిన మొదటి బీటీ పత్తి జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. అయినా 2005లో పాకెట్టు 1,600 రూపాయల పైచిలుకు పలికింది, అందులో సింహభాగం ఆ ఫీజే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ దాకా వెళ్లి పోరాడాక 2006లో 750కి దిగింది. ఆ తేడా మా ఊళ్లో ఎన్ని ఇళ్ల వడ్డీ లెక్కల్లో కలిసిపోయిందో నాకు తెలుసు. ఫలానా హక్కు ఫలానా రోజుదాకా అని ఒక్క వరస అచ్చువేయడానికి పాకెట్టు మీద చోటుంది.

హక్కులన్నిటికీ ఇలా చివరి తేదీ ఉండదు. గుంటూరు సన్నం మిరపకు ఉన్న భౌగోళిక గుర్తింపు వేరే జాతి హక్కు. పదేళ్లకోసారి తిరగరాయించుకుంటే దానికి ముగింపు లేదు. అది పండించే నేలది. పేటెంటు అలా కాదు, ఏనాటికైనా జనంలో కలవాల్సిందే. ఆ ఒప్పందం మీదే దాన్ని ఇస్తారు.

2020లో కేంద్రం ట్రెయిట్ ఫీజు సున్నా చేసింది. పాకెట్టు ధర అదే 730. బాబాయి ఫోన్ చేశాడు: “తీరిందన్నావుగదరా. ఇరవై రూపాయలేవీ?” ఆ ఇరవై విత్తన కంపెనీ వాటాలో కలిసింది. పైగా అది హైబ్రిడ్ గింజ. పండినదాన్ని దాచి మళ్లీ పెడితే చేను ఒక తీరున రాదు. పేటెంటు ఉన్నా పోయినా ఏటా కొట్టుకు వెళ్లాల్సిందే. ఆయనకు ఇది చెబుతుంటే గొంతు పెగల్లేదు.

పోయిన సంక్రాంతికి ఊరెళితే మందుల ఖర్చులు రాసుకునే పుస్తకం తెచ్చి, ఆ తేదీ తన కోసం రాసిపెట్టమన్నాడు. ఒక పురుగు తట్టుకోవడం నేర్చాక దాని ముందు ఆ జన్యువు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని మా ఊళ్లో అందరికీ తెలుసు. అయినా అడిగాడు. పాత పేజీలో ఖాళీ చూసి “2019 నవంబరు, పేటెంటు తీరింది” అని రాశాను. దానికి పై వరసలో ఆయన చేతిరాత ఉంది: “2017 డిసెంబరు. తూర్పు చేను. కాయ పగలగొడితే గులాబీ పురుగు.”