నవలామాలికలు – పాఠకుని మక్కువ

నీకు బాగా నచ్చిన నవల ఏది అని పాఠకుణ్ణి అడిగితే కాసేపు తటపటాయిస్తాడు. నీకు నచ్చిన నవలల వరుస ఏది అని అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతాడు. ఒకాయన డిటెక్టివ్ యుగంధర్ అంటాడు. ఇంకొకాయన షెర్లాక్ హోమ్స్ అంటాడు. ఇప్పటి కుర్రవాడైతే హారీ పాటర్ అంటాడు. పేరు చెప్పి వూరుకోడు. ఏ భాగం గొప్పదో, ఏ భాగంలో రచయిత చతికిలబడ్డాడో వివరిస్తాడు. పక్కవాడు కాదంటే వాదానికి దిగుతాడు. ఒంటి నవల మీద ఇంత పట్టుదలగా పోట్లాడుకునే పాఠకులు అరుదు.

మన విమర్శకులు ఈ మక్కువను కాలక్షేపమనీ, మత్తుమందనీ కొట్టివేస్తూ వచ్చారు. అభ్యుదయ విమర్శ కూడా ఇందుకు మినహాయింపు కాదు. వ్యాపార నవల అని పేరుపెట్టి పక్కకు నెట్టడంతో తన పని అయిపోయిందనుకున్నది. కాని వేలాది పాఠకులు ఒక రచయిత వెంట పది పుస్తకాలు, ఇరవై పుస్తకాలు నడిచి వెళ్ళారంటే అది సాంఘిక విషయం. దాన్ని వివరించవలసిన పూచీ విమర్శకుడిది.

ముందుగా ఒక మోటు కారణం చెప్పుకుందాం. 1950లలో, 60లలో మన పట్టణాలలో అద్దె లైబ్రరీలు విరివిగా వుండేవి. గుమాస్తాలు, విద్యార్థులు, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్న గృహిణులు అక్కడినుంచి పుస్తకాలు తెచ్చుకునేవారు. చేతిలో వున్నది కొద్దిపాటి డబ్బు, తీరిక అంతకంటే కొద్ది. తెలియని రచయిత పుస్తకం తీసుకుంటే ఆ రెండూ దండుగ కావచ్చు. కొమ్మూరి సాంబశివరావు గారి పుస్తకం తీసుకుంటే యుగంధర్ వుంటాడు, అతని అసిస్టెంటు రాజు వుంటాడు. పాఠకుడు మోసపోడు. ఇందులో సోమరితనం లేదు. కొద్ది సంపాదన గలవాడి జాగ్రత్త వున్నది.

అయితే లెక్కచూసి కొనుక్కున్న దానిమీద ఎవరికీ ప్రేమ పుట్టదు. ప్రేమ ఎలా పుట్టిందో చూడాలంటే హోమ్స్ సంగతి చూడాలి. కానన్ డాయిల్ ఇతన్ని 1887లో సృష్టించాడు. 1891నుంచి స్ట్రాండ్ మాసపత్రికలో చిన్నకథలు రాగానే ఇంగ్లండు ఇంగ్లండంతా అతని వెంట పడ్డది. డాయిల్‌కు మాత్రం చారిత్రక నవలలమీద మనసు. ఈ డిటెక్టివ్ పీడ వదిలించుకోవాలని 1893 డిసెంబరు కథలో స్విట్జర్లాండులోని ఒక జలపాతం దగ్గర హోమ్స్‌ను చంపేశాడు. పాఠకులు వూరుకోలేదు. కోపంతో వుత్తరాలు వ్రాశారు. చివరికి 1903లో, హోమ్స్ అసలు చావనేలేదని చెప్పి డాయిల్ అతన్ని తిరిగి తీసుకురావలసి వచ్చింది. 1927 దాకా కథలు వస్తూనే వున్నాయి. మొత్తం 56 కథలు, 4 నవలలు.

ఈ 40 ఏళ్ళలో ఇంగ్లండు ఎంత మారిందో ఆలోచించండి. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి పోయింది, రష్యాలో విప్లవం వచ్చింది, లండను వీధుల్లో గుర్రపుబండ్లు పోయి మోటార్లు వచ్చాయి. హోమ్స్ కథల్లో మాత్రం అధికభాగం ఆ గ్యాసుదీపాల లండనులోనే, ఆ గుర్రపుబండ్ల చప్పుడులోనే నడుస్తాయి. 1917లో వచ్చిన ఒక కథను డాయిల్ 1914 ఆగస్టులో, యుద్ధం ముంగిట నిలిపాడు. అందులోనూ హోమ్స్ చేసేది ఒక జర్మను గూఢచారిని పట్టుకోవడమే. లక్షలమంది చావబోతున్న యుద్ధం ఒక దొంగ పట్టుబడేంత పరిమాణానికి కుదించుకుపోయింది.

ఇంకొకటి కూడా గమనించాలి. ఈ కథల్లో నేరానికి మూలమైన డబ్బు ఎక్కడినుంచి వస్తున్నది? తరచు వలసల నుంచి. రెండవ నవల సంగతే చూడండి. 1857 తిరుగుబాటు రోజుల్లో ఆగ్రా కోటలో ఒక నిధికోసం హత్య జరుగుతుంది. ఆ నిధి లండను చేరుతుంది, దానికోసం మరో హత్య జరుగుతుంది, కడకు ఆ నగలన్నీ థేమ్స్ నది పాలవుతాయి. హంతకుడెవరో హోమ్స్ తేల్చాడు. సొమ్మెవరిదన్న ప్రశ్న మాత్రం అతని తర్కానికి అందలేదు. మన దేశంలో ఆ నవలను మురిసిపోతూ చదివినవారికీ ఆ ప్రశ్న తట్టినట్టు లేదు.

ఇంత చెప్పినా హోమ్స్‌ను ప్రేమించిన పాఠకుణ్ణి తప్పుపట్టనక్కర లేదు. పోలీసుస్టేషను గడప ఎక్కడానికే జంకే మనిషికి, లంచమడగని, మొహమాటపడని, నిజం తేలేదాకా నిద్రపోని ఒకడు ఎక్కడో వున్నాడంటే వూరట. యుగంధర్ విషయంలోనూ ఇంతే. ఆ కోరిక న్యాయమైనదే. కాని ఈ వరుసల్లో న్యాయం వ్యవస్థలో లేదు, ఒక వ్యక్తి తెలివితేటల్లో వున్నది. పుస్తకం ముగిసేసరికి లోకం యథాస్థానానికి వస్తుంది. మరో పుస్తకంలో మళ్ళీ చెదిరి, మళ్ళీ వస్తుంది. అలా తిరిగి రావడం కోసమే పాఠకుడు చదువుతాడు. చందమామలో దశాబ్దాలపాటు విక్రమార్కుడు బేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచాడు. ప్రతినెలా మళ్ళీ చెట్టు దగ్గరికే వచ్చాడు, ఒక్క పిల్లవాడూ విసుక్కోలేదు.

నాయకుడికి వయసు వస్తే ఏమవుతుంది? మన భాషలోనే చక్కని వుదాహరణ వున్నది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టరు పార్వతీశం మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు రైలూ ఓడా ఎక్కి సీమకు పోయిన వైనం చదివి మూడు తరాల తెలుగువాళ్ళు కడుపుబ్బ నవ్వారు. తరువాతి రెండు భాగాలూ ఎన్నో దశాబ్దాలకు గాని పూర్తికాలేదు. వాటిలో పార్వతీశం చదువు ముగించుకుని స్వదేశానికి వస్తాడు, జాతీయోద్యమంలోకి నడుస్తాడు. చరిత్ర దృష్టితో చూస్తే ఈ మార్పు విలువైనది. సీమ మోజుతో బయలుదేరిన గ్రామీణ బ్రాహ్మణ యువకుడు సీమ ప్రభుత్వాన్ని ఎదిరించేదాకా రావడం ఆ తరం కథ. అయినా పార్వతీశం అనగానే పాఠకుడికి గుర్తుకు వచ్చేది మొదటి భాగమే. పాఠకుడు గంభీరతను సహించడని దీన్నిబట్టి తీర్మానించడం పొరపాటు. మొదటి భాగంలో హాస్యం ఎక్కడినుంచి పుట్టిందంటే లోకం తెలియనితనం నుంచి. లోకం తెలిసిన తరువాత ఆ హాస్యానికి ఆధారం పోయింది, దాని స్థానంలో అంత బలమైనది మరొకటి రచయితకు చిక్కలేదు. పార్వతీశం ఎదిగినంతగా నవల ఎదగలేదు.

కాలాన్ని లోపలికి రానిచ్చి, అదే బలంగా మలచుకున్న వరుసలు ప్రపంచ సాహిత్యంలో వున్నాయి. అందులో పెద్దవాడు బాల్జాక్. సుమారు 90 నవలలు, కథలు కలిపి మానవ ప్రహసనం అని పేరు పెట్టాడు. ఒక నవలలోని పాత్రలు మరో నవలలోకి రావడమనే పద్ధతిని అతడు 1835 నాటి గోరియో నవలనుంచి పట్టుదలగా సాగించాడు. ఆ నవలలో రాస్తిన్యాక్ పల్లెనుంచి వచ్చిన పేద విద్యార్థి, చవక బసలో వుంటాడు, కొంత మనస్సాక్షి కూడా వున్నది. నవల చివర శ్మశానం మీదినుంచి పారిస్ నగరాన్ని చూసి సవాలు విసురుతాడు. ఆ తరువాతి నవలల్లో అతడు ప్రధానపాత్ర కాదు. విందులో ఒక మూలన కనబడతాడు, ఇతరుల మాటల్లో వినబడతాడు. తన ప్రియురాలి భర్త అయిన బ్యాంకరు ఆడిన నాటకంలో డబ్బు గడించాడని ఒకచోట తెలుస్తుంది. చివరికి మంత్రి అవుతాడు, ఆ ప్రియురాలి కూతుర్నే పెళ్ళాడతాడు. ఎవరూ ఉపన్యాసం చెప్పరు. వరుసగా చదివిన పాఠకుడికి మాత్రం ఒక విద్యార్థి మంత్రి కావడానికి ఎన్ని మెట్లు దిగాలో లెక్క తేలుతుంది. రాచరికాన్ని అభిమానించిన బాల్జాక్, తన అభిమానాలకు విరుద్ధంగా నిజాన్ని చూపాడని 1888లో ఎంగెల్స్ ఒక లేఖలో అన్న సంగతి మనవాళ్ళు తరచు వుదహరిస్తారు. ఆ నిజం బయటపడింది ఈ పాత్రల రాకపోకల్లోనే అన్నది కొంచెం మరిచిపోతారు.

జోలా 1871నుంచి 1893 దాకా 20 నవలల్లో ఒకే కుటుంబం కథ చెప్పాడు. 1877 నాటి నవలలో జెర్వేజ్ అనే చాకలి స్త్రీ చిన్న దుకాణం పెట్టుకుని, కూలి, తాగుడుతో నాశనమైపోతుంది. ఆమె కూతురు నానా మరో నవలలో ధనికుల విలాసవస్తువవుతుంది. కొడుకు ఎతియెన్ 1885 నాటి జెర్మినల్‌లో గని కార్మికుల సమ్మెకు నాయకుడవుతాడు. ఇదంతా రక్తంలో వచ్చిన వారసత్వమని జోలా నమ్మాడు. ఆ శాస్త్రం ఆనాడే నిలవలేదు, నేడు అసలు నిలవదు. అయినా తల్లి బట్టలుతికిన సందును చూసిన పాఠకుడు కొడుకు సమ్మెను చూసినప్పుడు రక్తాన్ని తలచుకోడు, ఆ సందునే తలచుకుంటాడు.

ఇది గడిచిన శతాబ్దాల ముచ్చట అనుకోనక్కర లేదు. 2011–2014 మధ్య ఇటలీలో ఎలెనా ఫెర్రాంతే అనే కలంపేరుతో 4 నవలలు వచ్చాయి. నేపుల్స్ నగరంలోని ఒక పేదపేటలో పుట్టిన ఇద్దరు ఆడపిల్లల జీవితం బాల్యంనుంచి వార్ధక్యం దాకా వాటిలో సాగుతుంది. ఒకతె చదువుకుని రచయిత్రి అవుతుంది. ఆమెకంటే తెలివైన రెండవది ప్రాథమిక విద్యతోనే బడి మాని చెప్పుల దుకాణంలో, తరువాత మాంసం కర్మాగారంలో పనిచేస్తుంది. ఇంత కటువైన కథను అనేక దేశాల పాఠకులు డిటెక్టివ్ నవలలాగా, తరువాయి భాగం కోసం ఎదురుచూసి చదివారు. సమాజం కథ చెబితే పాఠకుడు పారిపోతాడన్నవారు దీనికేమంటారో!

ఇక మన తెలంగాణ సంగతి. వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఇళ్ళల్లో వంటపని చేసి, చదువు సంపాదించుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుపోయి జనానికి అందించిన మనిషి. తెలంగాణ ప్రజల చరిత్రను నవలల వరుసగా చెప్పాలని ఆయన సంకల్పం. ప్రజల మనిషి వచ్చింది. గంగు పూర్తికాలేదు. 1961లో ఆయన కన్నుమూశారు. ఆ పనిని దాశరథి రంగాచార్య గారు అందుకున్నారు. చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదం వ్రాశారు. ఒకరు ఆరంభించిన మాలికను మరొకరు కొనసాగించడం ఏ భాషలోనైనా అరుదు. కీర్తిమీద మాత్రమే కన్నున్న రచయిత ఈ పని చేయడు.

ఇంతటి వరుస మన భాషలో వుండగా, నచ్చిన నవలామాలిక ఏదంటే దీని పేరు చెప్పే పాఠకుడు ఎందుకు కనబడడు? విడివిడిగా వీటిని మెచ్చుకున్నవారు చాలామంది వున్నారు. చిల్లర దేవుళ్లు సినిమాగా కూడా వచ్చింది. అయిదూ ఒక వరుస అన్న స్పృహే పాఠకలోకానికి పూర్తిగా అందలేదు.

కారణాలు రచనలో కొన్ని వున్నాయి. ఈ అయిదింటినీ ఒకే నాయకుడు నడపడు. యుగంధర్‌నో రాస్తిన్యాక్‌నో పట్టుకుని నడిచినట్టు ఒకరి చేయి పట్టుకుని నడవడానికి వీలులేదు. ప్రజల మనిషిలో కంఠీరవం వున్నాడు. చిల్లర దేవుళ్లులో పాట పాడుకుంటూ బతకవచ్చిన సారంగపాణి కళ్ళతో వూరిని చూస్తాం. తిరిగి వచ్చేవి దొర, గడీ, వెట్టి. ఇది రచయితల దృష్టికి తగినదే, ఎందుకంటే వారి నాయకుడు జనం. అయినా ఒక నష్టం జరిగిందని చెప్పక తప్పదు. గడీలో ఆడబాపగా నలిగిపోయిన స్త్రీని తరువాతి నవలలో, పదేళ్ళు పెద్దదైనాక, ఒక మూలన నిలబడి వుండగానైనా చూడాలని పాఠకుడికి వుంటుంది. బాల్జాక్ పాఠకుడికి ఆ కోరిక తీరుతుంది. మన పాఠకుడు ప్రతి నవలలోనూ కొత్తవాళ్ళతో పరిచయం చేసుకోవలసి వస్తుంది.

ఇంకొక చిక్కు వరుసది. చిల్లర దేవుళ్లు తరువాత వ్రాసినదైనా కథాకాలంలో ముందుది, 1938కి మునుపటి తెలంగాణను చూపుతుంది. దాని తరువాత ఆళ్వారుస్వామి గారి రెండు నవలలు, ఆ పైన సాయుధపోరాటకాలపు మోదుగుపూలు, పోలీసుచర్య అనంతరపు జనపదం. ప్రచురణ సంవత్సరాలను పట్టుకుని చదివితే కాలం ముందుకూ వెనక్కూ పోతుంది. ఈ మాట పుస్తకం అట్టమీద నాలుగు పంక్తుల్లో చెప్పదగినది. విమర్శకులు చెప్పవలసినది. మనం ఒక్కొక్క నవలనూ విడిగా తూచి, ఇందులో శిల్పం పలచబడిందనీ, అందులో ఉపన్యాసం ఎక్కువైందనీ మార్కులు వేశాం. ఆ మార్కుల్లో కొన్ని న్యాయమైనవే. కాని ఇంటిని చూడకుండా ఇటుకలను తట్టి చూసిన పరీక్ష అది.

కథాకాలం ప్రకారం అయిదూ చదివితే తేడా వెంటనే తెలుస్తుంది. చిల్లర దేవుళ్లు ఒక్కటే చదివినవాడికి దొర ఒక దుర్మార్గుడు. అయిదూ చదివినవాడికి ఆ దుర్మార్గం వెనుక భూమి ఎవరి పట్టాలో వున్నది, పట్వారీ కలం ఎటు తిరిగింది అన్న ప్రశ్నలు పుస్తకం తరువాత పుస్తకంగా పేరుకుంటాయి. జనపదం దగ్గరకు వచ్చేసరికి అతడు కొత్త దొరలను ఒక పాత కన్నుతో చూస్తాడు. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వం పడిపోయిన తరువాత, పోరాటకాలంలో పట్నం పారిపోయిన దొరలు ఎందరో ఖద్దరు కట్టుకుని వూళ్ళకు తిరిగి వచ్చారన్నది చరిత్ర. హోమ్స్ జలపాతంలోంచి లేచివచ్చినప్పుడు పాఠకుడు ఆనందించాడు. దొర లేచివచ్చినప్పుడు, వరుసగా చదువుకుంటూ వచ్చిన పాఠకుడికి అతను ఏ దారిన వెళ్ళాడో, ఏ దారిన వచ్చాడో, మధ్యలో అతని భూమిని ఎవరు దున్నారో అడగడానికి కావలసిన జ్ఞాపకం చేతిలో వుంటుంది.