తప్పు ముక్కదా, మనిషిదా?

పేకాటలో ఓడినవాడికి ముక్క మీద నెపం పెట్టడం తేలిక. పోకర్ ఆటగాళ్ల వాడుక మాటలు ఆ నెపాన్ని చెల్లనివ్వవు. కొత్తగా నేర్చుకునేవారు వాటిని బట్టీ పట్టనక్కర్లేదు. ఏ మాట అదృష్టాన్ని చెబుతోందో, ఏది ఆటగాడి నిర్ణయాన్ని చెబుతోందో గమనిస్తే చాలు.

ఎక్కువమంది ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు మూసి పంచుతారు. తర్వాత బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మూడు ముక్కలు ‘ఫ్లాప్’, నాలుగోది ‘టర్న్’, ఐదోది ‘రివర్’. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి నాలుగు ఇస్పేట్లు వచ్చాయనుకోండి. ఐదోది పడితే ‘ఫ్లష్’. పేకలో ఇస్పేట్లు 13 కాబట్టి ఇంకా 9 ఉన్నాయి. వీటినే ‘అవుట్స్’ అంటారు. ఫ్లాప్ తర్వాత రెండు ముక్కలూ చూడగలిగితే వాటిలో ఒకటైనా పడే అవకాశం సుమారు 35 శాతం. రివర్ ఒక్కటే మిగిలితే 20 శాతం లోపే. ఈ లెక్క చూడకుండా పందెం పెంచి, ముక్క రాలేదని వాపోవడం దురదృష్టం కిందికి రాదు.

అసలు దురదృష్టానికి వేరే పేర్లున్నాయి. రెండు ఆసులు సగటున 221 పంపకాల్లో ఒకసారి వస్తాయి. వాటిమీద ఎదుటివాడు రెండు రాజులతో ఉన్నదంతా ఒడ్డితే నూటికి 80 సార్లకు పైగా ఆసులదే గెలుపు. అయినా మూడో రాజు పడి ఓడితే అది ‘బ్యాడ్ బీట్’. రాజులు పట్టుకుని ఆసులకు తలొగ్గితే ‘కూలర్’. రెండింట్లోనూ ఆడినవారి తప్పు లేదు.

గెలిచినంత మాత్రాన బాగా ఆడినట్టూ కాదు. డాయిల్ బ్రన్సన్ 1976, 1977 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్లలో ఆఖరి ఆటను పది, రెండు ముక్కలతోనే గెలిచాడు. ఆ జతకు ఇప్పటికీ ఆయన పేరే. 1976లో ప్రత్యర్థి జెస్సీ ఆల్టో చేతిలో ఆసు, జాకీ. ఫ్లాప్‌లో ఆసు, జాకీ, పది. రివర్‌లో మరో పది పడేదాకా బ్రన్సన్ వెనకబడే ఉన్నాడు. ఆ పేరు చూసి పది-రెండుతో దిగితే చేతి చమురు వదులుతుంది.

అన్నిటికన్నా ముందు నేర్వాల్సిన మాట ‘టిల్ట్’. పిన్‌బాల్ యంత్రాన్ని గట్టిగా కుదిపితే ఆట ఆగిపోయి కనిపించే మాట అది. పోకర్‌లో ఓటమి మంటతో విచక్షణ తప్పి ఆడటాన్ని అలా అంటారు. గుర్తించిన వెంటనే బల్ల దగ్గర్నుంచి లేవడమే దానికి మందు.

డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమూ చట్టం చేసింది. నేర్చుకోవడానికి డబ్బుతో పనిలేదు. చింతపిక్కలతో ఇంట్లోవాళ్లతో ఆడండి, ప్రతి ఆటలోనూ అవుట్స్ లెక్క పైకి చెప్పండి.