హెచ్-22 మీద పవర్ టిల్లర్ షాఫ్టు

ముందు చప్పుడు వినండి. అరిగిన షాఫ్టు మీద వెల్డింగు పోసి లావు చేశారు. ఒళ్లంతా గడ్డలూ గుంటలూ. చక్‌లో బిగిసి అది గిర్రున తిరుగుతుంటే టూలు అంచు గడ్డకు తగిలి టక్కుమంటుంది, గుంట దగ్గర ఊరుకుంటుంది, మళ్లీ టక్కుమంటుంది. కోతకోతకూ ఆ టకటకలు పలచబడతాయి. మూడో కోతకో నాలుగో కోతకో గడ్డలన్నీ సమసిపోయి, ఉక్కును ఎడతెగకుండా పట్టుకున్న టూలు ఒకే నాదమై, సన్నగా, నిండుగా, జుమ్మని సాగుతుంది. ఆహా, ఆ క్షణం! చెవి ఉన్నవాడికి ఇంక కొలతలెందుకు! టర్నరు మాత్రం చేతులు తుడుచుకుని మైక్రోమీటరే తీస్తాడు.

కృష్ణరాజపురం దాటి హొసకోటకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఇది. షాఫ్టు వి.ఎస్.టి. పవర్ టిల్లరుది, లేతు హెచ్.ఎం.టి. వారి హెచ్-22. రెండూ బెంగళూరు బిడ్డలే. 1953లో పుట్టిన హెచ్.ఎం.టి., స్విట్జర్లాండు ఓర్లికాన్ సంస్థ చేయూతతో జాలహళ్లిలో లేతులు చెయ్యడం నేర్చింది. వి.ఎస్.టి. 1967లో మొదలై, జపాను మిత్సుబిషి తోడుతో టిల్లర్లు కట్టింది. పెద్ద ట్రాక్టరు మళ్లలేని ద్రాక్ష పందిళ్ల కింద, మల్బరీ సాళ్ల మధ్య, టమాటా మడుల్లో దున్నిపెట్టేది ఈ చిన్న యంత్రమే. కోలారు ఎర్రమట్టి ఏళ్ల తరబడి సీలు సందుల్లో దూరి షాఫ్టును కొరికేస్తుంది. కొరికిందంతా ఇక్కడ మళ్లీ పూడాలి. జాలహళ్లిలో వెనకటి సందడి లేదు, హెచ్.ఎం.టి. ట్రాక్టర్లూ గడియారాలూ ఆగిపోయాయి. లేతు మాత్రం తిరుగుతూనే ఉంది.

ఒక్క మిషనుకు ఎన్ని విద్యలు! టెయిల్‌స్టాకులో డ్రిల్లు పెడితే రంధ్రం, బోరింగ్ టూలు కడితే ఆ రంధ్రానికి నునుపు, మిల్లింగ్ అటాచ్‌మెంట్ బిగిస్తే కీవే. ఇక రంగులు చూడండి. ఉక్కు రజను వేడెక్కే కొద్దీ ఎండుగడ్డి పసుపు ఊదాగా మారి, ఊదా కాస్తా నెమలికంఠం నీలంలోకి దిగి, చుట్టలు చుట్టలుగా ట్రేలోకి జారుతుంది. బుష్ కోసం పెట్టిన గన్‌మెటల్‌ది వేరే స్వభావం. అది చుట్టుకోదు, సాగదు. పొడిపొడిగా, చిటపటమని, బంగారు వానై కురుస్తుంది! మడిచిన చొక్కా చేతుల్లోకి కూడా కురుస్తుంది, కాస్త దూరంగా నిలబడండి.

మరలు కొయ్యడం వేరే పండగ. టూలు ఒక దారి వెళ్తుంది, వెనక్కి వస్తుంది, తిరిగే డయలు మీద గుర్తు కలిసే దాకా టర్నరు కాచుకుంటాడు. కలిసిందా, లీవరు కిందికి! ఎంత దూరం పోయినా ఎత్తుగడ తప్పకుండా పల్లవి అందుకునే గాయకుడిలా, టూలు సరిగ్గా పాత గాడిలోనే కాలు పెడుతుంది. కన్ను మూసుకున్నా ఆ మనిషి చెయ్యి తప్పదనిపిస్తుంది. నేను మాత్రం ప్రతిసారీ ఊపిరి బిగబడతాను.

చివరికి షాఫ్టూ బుష్షూ ఎదురెదురు. నూనె చుక్క. బొటనవేలి ఒత్తిడి చాలు. మొదట కాస్త బెట్టు, ఆ తర్వాత మెత్తని, బరువైన అంగీకారం. మిల్లీమీటరులో నూరోవంతు ఎక్కువైతే బెట్టు మొండితనమయ్యేది, కొంచెం తక్కువైతే వదులయ్యేది. రెంటికీ నడుమ ఆ ఇరుకు చోటులో ఎంత సుఖం ఇమిడి ఉందో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది!

ఒక్కటే నాకు గిట్టదు. ఆఖరి కోతకు షాఫ్టు మీద పడే ఆ సన్నని గీతలు, తిప్పితే వెలుగును విరజిమ్మే గీతలు, వాటిని టర్నరు ఎమరీ పేపరుతో రుద్ది చెరిపేస్తాడు. వదిలెయ్యమని ప్రతిసారీ బతిమాలతాను. సీలు కూర్చునే చోట నునుపుండాల్సిందేనంటాడు.

“ఆయిలు కారితే రైతు తిట్టేది నన్ను సార్, మిమ్మల్ని కాదు.”