కాటి కాపరి అయిన రాజు నేర్చుకున్నది

భోగాపురం వైపు పల్లెల్లో అమ్మవారి పండగకు హరిశ్చంద్ర నాటకం వేయిస్తే, కాటిసీను వచ్చేదాకా జనం కదలరు. కథ అందరికీ తెలుసు. హరిశ్చంద్రుడి కొడుకు లోహితుణ్ణి పాము కరుస్తుందనీ తెలుసు, చివరకు బతుకుతాడనీ తెలుసు. పద్యాలు ముందు వరసలోని పెద్దలకు నోటికి వచ్చు. అయినా తెల్లవారుజాము దాకా కూర్చుంటారు. దుఃఖాన్ని తప్పించుకునే దారులు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. దుఃఖంలో నిలబడి లోకాన్ని చూడడం నేర్పే కళలు కొన్నే. కాటిసీను అలాంటి కళ.

ఈ కథ మార్కండేయ పురాణంలోది. తిక్కన శిష్యుడు మారన 14వ శతాబ్దంలో ఆ పురాణాన్ని తెనిగించాడు. తర్వాత గౌరన హరిశ్చంద్రుడి కథను ద్విపదలో పాడుకునేలా రాశాడు. బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో 1864లో పుట్టి, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు దాన్ని హరికథ చేశారు. 1912లో బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్య హరిశ్చంద్రీయం’తో అది తెలుగు రంగస్థలం మీద స్థిరపడింది. తర్వాత నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలను కూడా కాటిసీనులో కలిపి పాడసాగారు.

నాటకం చేసే పని ఒక్కసారిగా జరగదు. విశ్వామిత్రుడికి ఇచ్చిన మాటకోసం ముందు రాజ్యం పోతుంది. తర్వాత అయోధ్య వదలాలి. కాశీలో భార్య చంద్రమతిని, కొడుకుని కాలకౌశికుడికి అమ్మాలి. చివరకు తన్నుతాను కాటి యజమాని వీరబాహుడికి అమ్ముకోవాలి. అప్పు వసూలుకు వెంటపడ్డ విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు అడుగడుగునా గుచ్చుతాడు. ఇస్తానని అనలేదని ఒక్క మాట అను, అన్నీ తిరిగొస్తాయి అంటాడు. అందుకే హరిశ్చంద్రుడి కష్టం తలమీద విరుచుకుపడిన పిడుగులా ఉండదు. ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి తిరిగే దారి కనిపిస్తూనే ఉంటుంది, అతను తిరగడు. చూసేవాళ్లకు జాలితోపాటు గౌరవం కలిగేది అక్కడే.

కథను వచనం నడిపిస్తుంది, మనసు పద్యంలో పలుకుతుంది. హార్మోనియం శ్రుతి పట్టుకుని నటుడు పాదాన్ని ఎత్తుకుని, చివర రాగం సాగదీస్తాడు. జనం ‘వన్స్ మోర్’ అంటే అదే పద్యం మళ్లీ పాడతాడు. కథ ఆగిపోతోందని దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో ఆ ఆగడమే దీని బలం. బయట బతుకులో ఏడవడానికి కూడా తీరిక ఉండదు. మర్నాడే వలలు ఎత్తుకోవాలి, పొలానికి పోవాలి. దుఃఖం దగ్గర కాసేపు కూర్చునే వ్యవధిని పద్యం ఇస్తుంది.

అసలు ఘట్టం చీకట్లో నడుస్తుంది. కొడుకు శవంతో వచ్చిన తల్లిని కాపరి కాటిసుంకం అడుగుతాడు. ఒకరినొకరు పోల్చుకోలేదు. నా దగ్గర ఏమీ లేదంటుంది ఆమె. మెడలో మంగళసూత్రం ఉంది కదా, అది అమ్మి కట్టమంటాడు. ఆ సూత్రం భర్త కంటికి తప్ప మరెవరికీ కనబడదు. ఆ మాటతో ఆమెకు అతనెవరో తెలిసిపోతుంది. నగలూ మచ్చల వంటి ఆనవాళ్లతో గుర్తుపట్టించడం తక్కువ రకమని, సంఘటనల్లోంచే పుట్టే గుర్తింపు మేలని గ్రీకు పండితుడు అరిస్టాటిల్ విషాద నాటకాల గురించి చెప్పాడు. కాటిసీనులో ఆనవాలుంది, కానీ దాన్ని బయటపెట్టింది సుంకం అడిగిన ఆ కఠినమైన మాటే. క్రూరంగా తోచిన విధే భార్యాభర్తలను కలుపుతుంది.

కలిసిన తర్వాత కూడా అతను సుంకం వదలడు. అది యజమాని సొమ్ము. తన కొడుకైనా, ఎవరి కొడుకైనా కాటిలో లెక్క ఒకటే. రాజుగా ఉన్నప్పుడు ధర్మం అతని చేతిలోని అధికారం. ఇక్కడ అదే ధర్మం అతని గుండెను కోస్తోంది. పాలించేవాడి ఆజ్ఞ కిందివాడికి ఎంత బరువో అతనికి తెలిసింది ఈ కాటిలోనే.

ప్రపంచంలోని పాత గ్రంథాలూ ఈ చోటికే వచ్చాయి. క్రీ.పూ. 458లో ప్రదర్శించిన ‘అగమెమ్నాన్’లో, బాధపడే నేర్చుకోవాలన్నది దేవుడు పెట్టిన నియమమని ఏస్కిలస్ బృందగానంతో చెప్పించాడు. బైబిల్లోని యోబు కూడా తప్పు చేయకుండానే అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. అక్కడా పైలోకంలోని వాదమే కారణం, మన నాటకంలో వసిష్ఠ విశ్వామిత్రుల పంతంలాగే. నువ్వేదో పాపం చేసే ఉంటావన్న స్నేహితులను దేవుడు చివర్లో మందలిస్తాడు. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి ‘చేసుకున్న కర్మ’ అనడం మన ఊళ్లలోనూ తేలికే. హరిశ్చంద్ర కథ ఆ మాటకు చోటివ్వదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బాధ దానంతటదే ఎవరినీ జ్ఞానిని చేయదు. వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్లి 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల ఇళ్లలో ఆడవాళ్లు పడ్డ వేదనను పాఠమని ఎవరు అనగలరు? వాళ్లను అక్కడిదాకా తోసింది ఇక్కడ పని లేకపోవడం. దానికి కావలసింది ఉపాధి. బాధ వెనక ఉన్న ఇలాంటి కారణాలను మరవనివ్వకపోవడమే జాషువా పద్యాలు కాటిసీనుకు ఇచ్చిన బలం. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి మాటలు రాజు నోట పలుకుతుంటే, కొన్నాళ్లు కాటి కాపరి అయిన రాజుతోపాటు తరతరాలుగా అదే పనిలో ఉన్నవాళ్లూ గుర్తుకొస్తారు. రాజుకు రాజ్యం తిరిగొస్తుంది. వాళ్లకు తిరిగిరావడానికి ఏ రాజ్యమూ లేదు.

హరిశ్చంద్రుడు నిజంగా ఏం నేర్చుకున్నాడో పురాణం చివర తేలుతుంది. ఇంద్రుడు స్వయంగా వచ్చి స్వర్గానికి రమ్మంటాడు. అయోధ్యలో నా జనం నాకోసం దుఃఖిస్తున్నారు, వాళ్లను వదిలి రానంటాడు హరిశ్చంద్రుడు. చాలాకాలం ఒక్కడే అనుభవించాల్సిన పుణ్యం వాళ్లందరితో కలిసి ఒక్కరోజే దక్కినా చాలంటాడు. కథ మొదట్లో అతను మాట తప్పని రాజు. కాటి దాటాక, జనం లేని స్వర్గం వద్దన్న మనిషి. కాటిసీను చూసి కళ్లు తుడుచుకునే మనం అడుగు వేయాల్సింది ఈ రెండోవాడి వైపు.