నైపుణ్యపరీక్షలో పరీక్షకుని బాధ్యత: అవధానం, పాత్రపోషణ క్రీడ - తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అవధాన విమర్శ సాధారణంగా అవధాని ప్రతిభను కొలుస్తుంది. ఆ ప్రతిభను పరీక్షించే ప్రశ్న గుణదోషాలను అంతగా పట్టించుకోదు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేముల్లోని 'స్కిల్ చెక్'తో పోల్చి, సరైన నైపుణ్యపరీక్షకు ఉండవలసిన లక్షణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ప్రవేశిక:
1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ పాత్రపోషణ క్రీడలకు మూలం. కొందరు బల్ల చుట్టూ కూర్చుని, తలొక పాత్రను వహించి, మాటలతోనే కథ నడుపుతారు. సన్నివేశాన్ని కల్పించి ఆటంకాలు పెట్టేవాడు గేమ్ మాస్టర్. పాత్ర గోడ ఎక్కగలదా, తాళం తీయగలదా అన్న సందేహం వచ్చినప్పుడు పాచిక వేస్తారు. 2000 నాటి మూడవ కూర్పు ప్రకారం, ఇరవై ముఖాల పాచికపై పడిన అంకెకు పాత్ర నైపుణ్యాంకాన్ని కలిపితే వచ్చే మొత్తం, గేమ్ మాస్టర్ నిర్ణయించిన కాఠిన్యాంకానికి తగ్గకూడదు.

అష్టావధానంలోనూ ఆటంకం పెట్టేవాడొకడు, దాటేవాడొకడు. అయితే భేదం స్పష్టం. క్రీడలో నైపుణ్యం పాత్రది. అది కాగితంపై అంకెగా ఉంటుంది. అవధానంలో నైపుణ్యం అవధానిదే. మార్కాపురం పలకలు ఎన్ని తరాల పిల్లలచేత అక్షరాలు దిద్దించినా, అవధానికి పలకతో పనిలేదు. ధారణే అతని పలక. అక్కడ అనిశ్చితికి మూలం పాచిక, ఇక్కడ పృచ్ఛకుని బుద్ధి. అందువల్ల ఇక్కడ పరీక్షకుని బాధ్యత మరింత పెద్దది.

2. కాఠిన్య నిర్ణయం:
న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా స్థానాన ఫలానా అక్షరం ఉండాలంటాడు. ఉత్పలమాలలో ఏడవ అక్షరంగా 'ఠ' కోరితే 'పాఠ', 'పీఠ' వంటి మాటలతో దాటవచ్చు. అదే అక్షరాన్ని పదవ స్థానంలో, అంటే యతిస్థానంలో కోరితే, పాదం ట, ఠ, డ, ఢలలో ఒకదానితో, స్వరమైత్రి చెడకుండా మొదలుకావాలి. రెండవ స్థానంలో కోరితే అది ప్రాస అయి నాలుగు పాదాలనూ బంధిస్తుంది. అక్షరం ఒకటే అయినా కాఠిన్యం మూడు విధాలు. ఈ తేడా ఎరిగి అడిగేవాడే పృచ్ఛకుడు. ఎరుగక అడిగితే తేలికైనది కఠినంగానూ, కఠినమైనది తేలికగానూ సభకు తోస్తుంది.

3. వైఫల్యానికి అవకాశం:
నైపుణ్యాంకం 5, కాఠిన్యాంకం 15 అయితే పాచికపై 10 లేదా అంతకు మించి పడాలి. గెలుపు అవకాశం 55 శాతం. ఓడినా నష్టం లేక మళ్ళీ వేయనిస్తే, రెండు ప్రయత్నాల్లో అది సుమారు 80 శాతానికి, మూడింట 91 శాతానికి చేరుతుంది. అంటే పరీక్ష పేరుకే మిగులుతుంది. ఓటమి వల్ల కథలో ఏ మార్పూ రాని చోట పాచిక వేయడమే అనవసరం.

ఇదే సూత్రం అవధానానికీ వర్తిస్తుంది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలకగానే, తరువాత రాదగినదాన్ని ఊహించి పృచ్ఛకుడు నిషేధిస్తాడు. నియమం ముందే తెలుసు, ఆటంకం తెలియదు. నిషేధం ఒక్కో అక్షరానికే పరిమితం కనుక భాషలో మరో దారి మిగిలే ఉంటుంది. సమస్యను ముందుగా అందజేస్తే ఈ సమతౌల్యం తలక్రిందులవుతుంది. అప్పుడు జరిగేది పూరణ కాదు, అప్పజెప్పడం. 20వ శతాబ్ది తొలినాళ్ళలో తిరుపతి వేంకట కవులకు, కొప్పరపు సోదర కవులకు మధ్య స్పర్ధ అంత తీవ్రంగా సాగిందంటే, సభలో తడబాటుకు అవకాశం ఉండడం, దానికి విలువ ఉండడం కూడా కారణమే.

4. ఫలితంలో తరతమాలు:
పాచిక పద్ధతి ప్రధానంగా గెలుపోటములనే చెబుతుంది. అవధాన ఫలితం అంతకన్న సూక్ష్మమైనది. ఛందస్సు నిలిచి భావం కుంటుపడవచ్చు. దత్తపదిలో ఇచ్చిన నాలుగు పదాలూ చేరి, ఒకటి అతుకులా కనిపించవచ్చు. ఈ తరతమాలను గుర్తించని కరతాళధ్వని మంచి పూరణకూ అన్యాయమే చేస్తుంది.

5. ముగింపు:
నియమం ముందే తెలియడం, ఆటంకం అప్పటికప్పుడే ఎదురుకావడం, కాఠిన్యం ఎరిగి నిర్ణయించడం, వైఫల్యానికి అవకాశం ఉండడం - ఈ నాలుగూ సరైన నైపుణ్యపరీక్షకు లక్షణాలు. పృచ్ఛక స్థానంలో తరచుగా కూర్చునేది తెలుగు అధ్యాపకులే. మార్కాపురం, గిద్దలూరు, కంభం వంటి చోట్ల కళాశాలల్లో అవధానాన్ని విద్యార్థులకు పరిచయం చేయదలచినవారు పద్యరచనతోపాటు ప్రశ్నరచననూ నేర్పడం అవసరం. అవధానిని తయారుచేయడానికి ఏళ్ళు పడుతుంది. యతిప్రాసలు తెలిసిన విద్యార్థిని మంచి పృచ్ఛకునిగా తీర్చిదిద్దడానికి అంత కాలం పట్టదు. అటువంటి పృచ్ఛకులు లేనినాడు అవధానం పరీక్షగా కాక ప్రదర్శనగానే మిగులుతుంది.