పణం, రూక: చిన్న బంగారు నాణేల సేకరణ – తెలుగు పాఠపఠనం

వ్యాససంగ్రహం: దక్షిణ భారతదేశంలో శతాబ్దాల పాటు చెలామణిలో ఉన్న చిన్న బంగారు నాణెం పణం. నాణేల సేకరణ దాని రూపాన్ని కాపాడింది కానీ, వాడుకను కాపాడలేకపోయింది. తెలుగు కావ్యాలు, శాసనాలు వాడుకను నమోదు చేశాయి. అయితే వాటిలోని నాణేల పేర్లకు వ్యాఖ్యానాలు ఇచ్చే అర్థాలు చాలవు. ఈ రెండింటినీ కలిపి చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: పణం, రూక, వరహా, నాణేల సేకరణ, క్రీడాభిరామం, మోటుపల్లి శాసనం.

1. ఉపోద్ఘాతం

క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథుల్లో తిరుగుతారు. ఆ సందర్భంలో లక్ష్మణవజ్ఝల పూటకూటి ఇంటి భోజనం వర్ణితమవుతుంది. మేలైన అన్నం, గోధుమ పిండివంట, నెయ్యి, పప్పు, అరటిపండ్లు, పెరుగు మొదలైనవన్నీ కలిసిన ఆ భోజనం వెల ఒక రూక. రూక అనగానే నేటి పాఠకుడికి రూపాయి స్ఫురిస్తుంది. 'ఇంత భోజనం ఇంత చవకగానా!' అన్న ఆశ్చర్యం ఆ వెంటనే కలుగుతుంది. కానీ ఆ ఆశ్చర్యం పద్యంలో ఉన్నదా, పాఠకుడు తెచ్చుకున్నదా? రూక విలువ తెలియనిదే ఈ ప్రశ్నకు సమాధానం లేదు. పద్యం చౌకను మెచ్చుకుంటున్నదా, భోగాన్ని మెచ్చుకుంటున్నదా అనేది ఒక నాణెం విలువ మీద ఆధారపడి ఉంది.

2. పణం: పరిమాణం, విలువ

పణాలు సాధారణంగా 5 నుంచి 8 మిల్లీమీటర్ల వ్యాసంతో, గ్రాములో మూడోవంతుకు కొంచెం అటూ ఇటూ బరువుతో కనిపిస్తాయి. విజయనగర వరహా బరువు సుమారు 3.4 గ్రాములు. రెండవ దేవరాయల కాలంలో, 1443లో, విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ అక్కడి నాణేల వరుసను నమోదు చేశాడు. అతని లెక్కలో వరహాలో సగం ప్రతాపం, ప్రతాపంలో పదోవంతు పణం. పణంలో ఆరోవంతు తార అనే వెండి నాణెం, తారలో మూడోవంతు జీతల్ అనే రాగి నాణెం. అన్నిటిలోకీ ఎక్కువగా ఉపయోగపడేది పణమేనని కూడా అతడు గుర్తించాడు.

ఈ లెక్క ప్రకారం వరహాకు 20 పణాలు, పణానికి 18 జీతళ్లు. బంగారు నాణేల్లో చిన్నదే అయినా, మొత్తం వ్యవస్థలో పణం అట్టడుగు నాణెం కాదు. కాబట్టి 'నిత్యవ్యవహారంలో బంగారం' అన్న మాటను సంపదకు నిదర్శనంగా తీసుకోవడం తొందరపాటు. నాణేన్ని ఇంత చిన్నదిగా ముద్రించవలసి రావడం చిన్న మొత్తాలను కచ్చితంగా చెల్లించవలసిన అవసరాన్నే ముందుగా చెబుతుంది.

3. ఒకే పేరు, వేర్వేరు విలువలు

పణం విలువ అన్ని చోట్లా, అన్ని కాలాల్లో ఒకటి కాదు. రజాక్ లెక్కలో వరహాకు 20 పణాలు. మైసూరులో 17వ శతాబ్దిలో కంఠీరవ నరసరాజ ఒడయరు ముద్రించిన కంఠీరాయి పణాలు పదికి ఒక వరహాగా లెక్కకు వచ్చాయి. ఈస్టిండియా కంపెనీ మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరహా. అయితే ఆ పణం వెండిది. పేరు నిలిచింది, లోహం మారింది. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో రూపాయి ప్రమాణ నాణెం కావడంతో ఈ లెక్క కూడా వెనుకబడింది.

ఈ నేపథ్యంలో పణం, రూక, మాడ వంటి పదాలకు 'ఒక నాణెము' అని మాత్రమే అర్థం రాసే వ్యాఖ్యానం పాఠకుడిని ఎక్కడికీ చేర్చదు. అన్ని కాలాలకూ ఒకే విలువ కట్టి రాసే వ్యాఖ్యానం ఇంకా పెద్ద పొరపాటుకు దారితీస్తుంది.

4. సేకరణ కాపాడినది, వదిలినది

వాల్టర్ ఇలియట్ 1886లో ప్రచురించిన 'కాయిన్స్ ఆఫ్ సదర్న్ ఇండియా' మొదలుకొని దక్షిణాది నాణేల అధ్యయనం ప్రధానంగా రాజవంశాల వారీగా సాగింది. పణంపై చోటు తక్కువ. పూర్తి బిరుదులు పట్టవు. ఒకటి రెండు అక్షరాలో, ఒక బొమ్మో, వీరరాయ పణం మీద వలె గీతలూ చుక్కలో మాత్రమే ఉంటాయి. వాటి ఆధారంగా కాలనిర్ణయం చేయడంలో సేకర్తల కృషి గణనీయమైనది. వారు లేకపోతే ఈ నాణేలలో చాలా భాగం కంసాలి మూసలో కరిగిపోయి ఉండేవి.

అయితే వంశక్రమం ఒక నష్టాన్ని కూడా తెచ్చింది. ఒకే కుండలో వేర్వేరు రాజుల నాణేలు దొరికితే, అవి ఒకే కాలంలో కలిసి చెలామణి అయ్యాయనడానికి అది ఆధారం. వాటిని రాజుల వారీగా వేర్వేరు అరల్లో పెట్టగానే ఆ ఆధారం చెదిరిపోతుంది. అరుగుదల విషయమూ అంతే. చేతులు మారి అరిగిన నాణెం సేకర్తకు తక్కువ రకం, చరిత్రకారుడికి ఎక్కువ సాక్ష్యం. 0.35 గ్రాముల పణం 0.02 గ్రాములు అరిగితే దాదాపు 6 శాతం బంగారం పోతుంది. అంతే అరిగిన వరహాకు 1 శాతం నష్టం కూడా ఉండదు. చిన్న నాణేనికి నమ్మకం ఎందుకు పెద్ద సమస్యో ఈ లెక్క చెబుతుంది.

పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతుంది. తెలియజేయకుండా అమ్మిన నాణెం సేకరణలో చేరినా, దొరికిన చోటు మాత్రం శాశ్వతంగా పోతుంది.

5. శాసనాల సాక్ష్యం

సేకరణలో లేని వాడుక శాసనాల్లో ఉంది. కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం చందనం, కర్పూరం, ముత్యాల వంటి సరుకులపై సుంకాన్ని గద్యాణాల్లో, పణాల్లో నిర్ణయించింది. పణంలో భాగాలను కూడా పేర్కొన్నది. సముద్ర వ్యాపారంలో సైతం పణం కంటే తక్కువ మొత్తం లెక్కకు వచ్చిందనడానికి ఇది నిదర్శనం.

తిరుమల శాసనాల్లో దాతలు శ్రీభండారానికి చెల్లించిన మొత్తాలు తరచుగా 'నఱ్పణం' లెక్కలో కనిపిస్తాయి. అంటే మంచి పణం. ఆ సొమ్ముతో దేవస్థాన గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేసి, పెరిగిన రాబడితో నైవేద్యాలు జరిపేవారు. ఇక్కడ పణం కేవలం చిల్లర కాదు, సాగుకు పెట్టుబడి. 'మంచి' అన్న విశేషణం పక్కన మంచివి కాని పణాలూ ఉండేవని సూచిస్తుంది. పైన చూసిన అరుగుదల లెక్క ఈ విశేషణానికి ఒక భౌతిక కారణాన్ని చూపుతుంది. నాణెమూ శాసనమూ ఒకదానినొకటి వివరించే సందర్భం ఇది.

6. ముగింపు

మళ్లీ ఓరుగల్లు భోజనానికి వస్తే, పద్యంలోని వంటకాల పట్టిక పేదవాడి పూటకూడుది కాదు. రూకను పణం స్థాయి నాణెంగా గ్రహిస్తే, ఆ పద్యం చౌకదనపు ప్రశంస కాక, డబ్బుకు తగిన భోగాన్ని వర్ణించే నగరచిత్రం అవుతుంది. పక్కన నడుస్తున్నవాడు వర్తకుడు కావడం కూడా గమనార్హం. ఈ పఠనం స్థిరపడాలంటే ఆ కాలపు, ఆ ప్రాంతపు శాసనాల్లోని రూక లెక్కలతో సరిచూడాలి. ఆ పని సాహిత్య పరిశోధకులదే.

ఈ చర్చ ఆధారంగా మూడు సూచనలు చేయవచ్చు.

1. కావ్య వ్యాఖ్యానాల్లో నాణేల పేర్లకు కాలం, ప్రాంతం, లోహం తెలిపే అర్థాలు ఇవ్వాలి.
2. సేకర్తలు ప్రతి నాణేనికీ బరువు, దొరికిన చోటు, దానితోపాటు దొరికినవాటి వివరాలు నమోదు చేయాలి.
3. నాణేలను రాజుల వారీగానే కాక, దొరికిన కుప్పల వారీగా కూడా అధ్యయనం చేయాలి.

నాణేన్ని భద్రపరచడం సేకరణ సాధించిన మేలు. దానితో ఏం కొన్నారో చెప్పగలిగింది మాత్రం కావ్యమూ శాసనమే.